ఏడో గుమ్మం

ప్రతి ఏడో గుమ్మం దగ్గర ఆగమన్నారు.
మధ్యలో ఆరు వదిలేశాను.
ఆ ఆరింటి ముందూ ఎవరో ఒకరు
నా మెళ్ళో కార్డు చూసి
పింఛను ఎప్పుడొస్తుందమ్మా అని అడిగారు.

చేతిలో పదిహేడు ప్రశ్నలు.
నాలుగోదానికి నాకే నోరు తిరగదు:
మీ ఇంట్లో గ్లూటెన్ పడనివారు ఉన్నారా?
పడకపోవడమంటే గుంటూరులో
తోడికోడళ్ళ సంగతి, పొలం గట్టు సంగతి.
"అదేంది, ఎవరి తాలూకు?" అన్నాడొకాయన.
గోధుమలో జిగురండీ,
చపాతీ పిండి సాగుతుందే, అదీ అని
వట్టి చేతులే పిసికి చూపించాను.

బ్రాడీపేటలో, రెండో అంతస్తు.
వసుంధరాదేవి గారు గోధుమ మానేసి ఏడాది.
ఎవరు చెప్పారండీ? ఫోను చెప్పింది.
పరీక్ష? ఎందుకమ్మా, ఒళ్ళు తేలికైంది చాలదూ.
బల్ల మీద కొర్రలు, సామలు,
ధర చీటీ పీకేసిన బిస్కెట్ల డబ్బా.
ఒకటి నా చేతిలో పెట్టింది.
ఇసకలో బెల్లం కలిపినట్టుంది.
రాసుకున్నాను: మానినవారు ఒకరు. నిర్ధారణ లేదు.

అరండల్‌పేటలో రిటైరైన పోస్టుమాస్టరు.
షుగరు. రాత్రికి రెండు పుల్కాలు, నూనె లేకుండా,
డాక్టరు మందులతో పాటు రాసిన మందు.
పుట్టి బుద్ధెరిగి అరవై ఏళ్ళు అన్నమే తిన్న మనిషి
ఇప్పుడు మెతుకును చూసి భయపడుతున్నాడు.
తలుపు వెనకనుంచి వాళ్ళావిడ:
"నాకు మాత్రం అది తింటే తెల్లార్లూ కడుపులో రణమే.
ఇద్దరికి రెండు వంటలు ఎవరు చేస్తారు?"
ఇంటికొక్కరినే అడగమన్నారు.
ఆవిడకు గడి లేదు.

సంగడిగుంట.
కెజియాకి పదమూడేళ్ళు, తొమ్మిదేళ్ళ పొడవు.
"ఇంట్లో ఉన్నన్నాళ్ళూ బాగానే ఉందమ్మా," అంది అమ్మమ్మ దీనమ్మ,
"పచ్చడి మెతుకులు తిని.
హాస్టల్లో ఏసినాకే ఇట్టా ఎండిపోయింది."
పొద్దున గోధుమరవ్వ ఉప్మా, సాయంత్రం బన్ను,
రాత్రికి చపాతీ, బలమైన తిండేనట.
నులిపురుగుల మాత్ర వేశారు. ఐరన్ మాత్ర వేశారు.
తల మీద చేతులుంచి ప్రార్థన చేశారు.
బడి ఎగ్గొట్టే నొప్పిలే అంది వార్డెను.
సీసాలోకి ఎక్కించిన రక్తం కూడా
నీళ్ళ చాయగా ఉందనిపించింది నాకు.

మూడు వారాలకి కాగితం వచ్చింది.
పెద్దాసుపత్రిలో పేగు ముక్క తీసి మరీ చూశారు.
తినకూడనివి చదవమంది దీనమ్మ.
చపాతీ, పూరీ, సేమ్యా, రవ్వ,
బండి మీద మైసూరు బజ్జీ,
ఇంగువ.
"ఇంగవా?"
లోపలికెళ్ళి పసుప్పచ్చ డబ్బా పట్టుకొచ్చింది.
అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో గోధుమపిండి.
చాలాసేపు ఆ డబ్బాని తిప్పుతూ కూర్చుంది.
ప్రతి శనివారం గోంగూరలో పోపేసి
సీసాకెత్తి హాస్టలుకి పంపింది తనే.

అప్పుడు అడిగింది, మెల్లిగా:
"ఈస్టరుకి మొదటిసారి ప్రభువు బల్ల అందుకోవాలి.
ఆ రొట్టె?"
నా పదిహేడు ప్రశ్నల్లో దానికి జవాబు లేదు.
కెజియా మంచం మీంచి లేవకుండానే
"ఇడ్లీ ముక్క పెట్టమను పాస్టరు గారిని" అంది.
ముసలామె దాని మూతి మీద ఒకటేసి,
నవ్వాపుకోలేక కొంగు అడ్డం పెట్టుకుంది.

శనివారం లెక్కలు తేల్చాం.
జబ్బుందని గోధుమ మానినవాళ్ళు తొమ్మిదిమంది.
ఆ తొమ్మిదిమందిలో జబ్బున్నవాళ్ళు లేరు.
జబ్బున్నది ఒక్కతి. ఆమె మానలేదు,
మానాలని ఎవరూ చెప్పలేదు గనక.
నూటికి ఎంత పడింది, అన్నాడు సారు.
సున్నా, చుక్క, ఆ తర్వాత రెండంకెలు.
రెండో అంకెను సవరించి పైదానికి చేర్చమన్నాడు.

వరి తినే ఊళ్ళో ఈ జబ్బు తక్కువేనని
నివేదికలో ఒక వాక్యం రాశాం.
తక్కువో, అన్నం కింద కప్పడిపోయిందో
అని కూడా రాయబోయాను.
ఆధారం ఉందా అన్నాడు.

రాత్రి మా ఇంట్లో చపాతీ పిండి తడుపుతుంటే
వేళ్ళ సందుల్లో పట్టుకుని వదల్లేదు.

ఆ ఆరు గుమ్మాలే గుర్తొస్తున్నాయి.
ఏ ఇంట్లోనైనా, లోపలి గదిలో
పొట్ట పట్టుకుని పడుకున్న పిల్ల ఉందో లేదో.
పింఛను సంగతి నాకు తెలీదని మాత్రం
ఆరుసార్లూ చెప్పి వచ్చాను.