నీళ్లు లేని సినిమా

వరంగల్ పెద్దాసుపత్రి, పిల్లల వార్డు,
నా బల్లను ఆనుకొని ఇరవై ఏడో మంచం.
ఆ పిల్లగానికి నరం దొరకదు.
నాలుగు నెలల సంది పోయి వచ్చి, పోయి వచ్చి
సూదులు తిన్న చేతులు రెండూ గట్టిపడ్డయి.
మడమ దగ్గర ఒక్కటి మిగిలిందని
పొద్దటి డ్యూటీ విమలక్క చీటీ రాసి పెట్టింది.

పేరు ఈసం సారయ్య, ఎనిమిదేండ్లు,
ములుగు దాటి అడవి లోపలి ఊరు.
నెత్తురుల కణాలు కొడవళ్లయి
సందుసందున అడ్డం పడే జబ్బు.
నొప్పి లేస్తే ఏడ్వడు వాడు.
మంచం చువ్వ పట్టుకొని మా దిక్కు చూస్తడు,
అప్పు వసూలుకొచ్చినోళ్లను చూసినట్టు.

మొన్న పెట్టె వచ్చింది.
కండ్లకు కట్టుకుంటే ఇంకో లోకం కనిపిస్తదట,
పిల్లలు సూదిని మరిచిపోతరట.
నేర్పడానికి హైదరాబాదు నుంచి వచ్చిన అమ్మాయి
మధ్యాహ్నం బస్సుకే వాపసు పోయింది.
పట్టీ పెద్దోళ్ల తలకు కుట్టింది,
మా పిల్లలకు జారి ముక్కు మీద కూసుండేది.
మిషన్లు బాగుచేసే అజ్మతుల్లా దాన్ని పట్టుకపోయి
కొత్తవాడలో జంపఖానాలు నేసే దోస్తుతోని
కొత్త పట్టీ నేయించుకొచ్చిండు,
ఎరుపూ నలుపూ చారలు,
ఉతికి ఆరేసుకోవచ్చు.
కంపెనీ వాళ్లు గ్యారంటీ ఇయ్యరేమో అంటే
"తలకాయలకు ఎవరిస్తున్నరు మేడం?" అన్నడు.

సారయ్యకు కట్టిన.
లోపల సముద్రం. నేను ముందే చూసిన,
నీలంగ, మెత్తగ, చేపలు చెంపను రాసుకుంటూ పోతయి.
పక్క మంచం పిల్ల పకపకా నవ్వింది,
సూది దిగింది కూడా ఎరుకలే.
వీడు కాళ్లు మంచం మీదికి ముడుచుకున్నడు.
తర్వాత అరుపు,
నాలుగు నెలల్ల మొదటి అరుపు:
"సిస్టర్, నీళ్లు! ఇంట్లకొచ్చినయి! మేకను విప్పు!"

పట్టీ పీకేసిన.
ఒక వానాకాలం రాత్రి వాళ్ల వాగు
ఊరి మీదికెక్కిన సంగతి
వాళ్లమ్మ అప్పుడు చెప్పింది, తలుపు దగ్గర నిలబడి,
ముందే చెప్పనందుకు తనదే తప్పన్నట్టు.
కేసు షీటుల ఆ గడి ఎక్కడుంది?
జ్వరానికి ఉంది, బరువుకు ఉంది, ఎలర్జీకి ఉంది.
ఎలర్జీ గడిలో రాసిన: నీళ్లు.
పెద్ద డాక్టరు దాని చుట్టూ ఎర్ర సున్న చుట్టిండు,
కొట్టెయ్యలే.

ఇంకొకటుంది మా దగ్గర, చిన్న దీపం.
తోలు మీద పట్టుకుంటే
లోపలి నరాలు గీతలై పైకి తేలుతయి.
వార్డు లైట్లార్పి వాని చేతి మీద పట్టిన.
పచ్చటి వెలుగుల నల్లటి తోవలు.
వాడు వంగి చూసిండు.
"గిది నాదేనా?"
"నీదే."
"గీ తోవ యాడికి పోతది?"
"గుండెకాయకు."
కొంచెం సేపు ఏమనలే.
రెండో చేతి వేలుతోని
తప్పిపోయిన మేక అడుగులు వెతికినట్టు వెతికి
మోచేతి కింద, మా కండ్లెవ్వరికీ ఆనని చోట,
సన్నటి గీతనొకదాన్ని పట్టిండు.
"గిక్కడ గుచ్చు. గిది ఇంక ఎండలే."

ఒక్కటే సారి. దొరికింది.

రాత్రి మూడు గంటలు.
ముప్ఫై ఆరు మంచాలు, ఇద్దరం సిస్టర్లం.
సాయంత్రం పోయిన పసిగుడ్డు తువ్వాల
ఇంకా నా బల్ల కిందనే ఉంది,
ఎవరికియ్యాల్నో తెలియక.
స్టూలు మీద కూసొని
ఎరుపు నలుపు చారల పట్టీ నా తలకు కట్టుకున్న.
అయిదు నిమిషాలు, అంతే అనుకున్న.
సముద్రం వచ్చింది, చేపలు వచ్చినయి,
అడుగున ఉన్న చీకటి కూడా వచ్చింది.
నా చెయ్యి వణికిందేమో.

ఎవరో పట్టుకున్నరు.
చిన్నది, వేడిది, టేపు అంటించిన చెయ్యి.

"భయపడకు సిస్టర్,
గది ఉత్త సినిమా.
మేకను నేను విప్పిన."