మధ్యస్థాయి

రిచీ స్ట్రీట్‌లో నవంబరు వాన
వైరు చుట్టల మీద ప్లాస్టిక్ పట్టా పరిచి కూర్చుంది.
నా జేబులో ఆరువేలు,
ఓవర్‌టైం తాలూకు ఇంకో నాలుగొందలు.
చవకది కొంటే ఆర్నెల్లకి ఒక చెవి మూగబోతుంది,
ఖరీదైంది కొంటే ఇంట్లో
నా రెండు చెవులూ మిగలవు.

రెండో అంతస్తులో మంచమంత కొట్టు.
సోల్డరింగ్ పొగ వెనక కయల్విళి.
"ఎంతలో కావాలో తర్వాత చెప్పండి సార్,
ముందు ఏం వింటారో చెప్పండి."

నన్నెవరూ ఈ ప్రశ్న అడగలేదు.
పెళ్ళిచూపుల్లో కూడా జీతమే అడిగారు.

చెప్పాను, దొంగసొత్తు ఒప్పుకుంటున్నట్టు:
పొద్దున పళ్ళు తోముకుంటూ నాదస్వరం,
రైల్లో కీర్తనలు, మోర్సింగూ ఘటమూ కలిసిన తని,
జీతం రోజున మాత్రం చావుమేళం గానా,
రాత్రి అందరూ పడుకున్నాక,
ఎవరికీ చెప్పకండి, మెటల్.

ఆమె నవ్వలేదు.
నిచ్చెనెక్కి మూడు పెట్టెలు దించింది.

మొదటిది నల్లది, బాగా బలిసిన మెత్తలు.
పెట్టుకోగానే డోలు తిన్నగా పొట్టలోకి దిగింది.
మెటల్ కోసమే పుట్టినట్టుంది,
డ్రమ్ములు పరిగెడుతుంటే
మెడ నన్నడక్కుండా ఊగింది.
నాదస్వరాన్ని మాత్రం
పెళ్ళిపందిట్లో జనరేటర్ పక్కన నిలబెట్టారు.
పాపం, ఊదుతూనే ఉంది.

రెండోది వెండి రంగు.
తారస్థాయి తుడిచిన అద్దంలా ఉంది.
మోర్సింగ్ నాలుక మీది తుప్పు కూడా వినబడింది.
గాయని 'స' అన్నప్పుడల్లా
చెవిలో సూది దిగింది.
పది నిమిషాలకి
చింతకాయ కొరికినట్టు పళ్ళు పులిశాయి.

మూడోది చూడ్డానికి ఏమీ లేదు.
బూడిద రంగు, వీపు నిండా జల్లెడ చిల్లులు,
ఐదువేల తొమ్మిదొందలు.
"ఇది పొగడదు సార్.
ఉన్నదున్నట్టు చెప్తుంది. కొందరికి నచ్చదు."
మా మేనత్త గుర్తొచ్చింది.

మంద్రం కింది గదిలో,
తారం మేడ మీద,
మధ్యలో, వసారాలో,
చాప పరుచుకుని కూర్చున్న ఒక మనిషి గొంతు.
పల్లవి ఎత్తుకునే ముందు
ఆమె మింగిన గుక్కెడు నీళ్ళు.
ఇరవయ్యేళ్ళుగా వింటున్న కచేరీ అది.
ఆ దాహం సంగతి నాకు తెలీదు.

"మెటల్‌కి కొంచెం పలచన," అంది కయల్విళి.
"పైగా పాట బయటికి కారుతుంది.
ఆఫీసులో పెట్టుకోవద్దు."
నాలుగొందలు తగ్గించమన్నాను.
నూటయాభై తగ్గించి, ఒక పిన్ను ఊరికే ఇచ్చింది.

చింతాద్రిపేటలో రైలెక్కి
పెట్టె అక్కడే చించేశాను.
పక్క సీట్లో తడి చొక్కా మనిషి,
ఒళ్ళో పసిబిడ్డలా నీళ్ళ మోటారు.
నేను మోకాలి మీద తాళం వేస్తున్నాను,
ఆయన మోటారు మీద వేళ్ళు ఆడిస్తున్నాడు.
ఇద్దరికీ ఎక్కడో పొసగడం లేదు.
తిరువళ్ళికేణి దాటాక
ఇక ఉండబట్టలేక నా మోకాలు తట్టాడు.
"ఏడు సార్. మీరు ఎనిమిది వేస్తున్నారు.
తకిట తకధిమి."

ఇన్నేళ్ళూ మెత్తటి మూతల కింద
ఒక అక్షరం ఎక్కువ లెక్కపెట్టుకుంటూ
ఎంత హాయిగా ఉన్నానో!

లైట్‌హౌస్ స్టేషన్‌లో తప్పాను, మళ్ళీ పట్టుకున్నాను.
తిరుమయిలైకి కుదిరింది.
మందైవెలిలో ఆయన మోటారు ఎత్తుకుని
తల ఊపి దిగిపోయాడు.
దిగేటప్పుడు కూడా ఏడులోనే ఉన్నాడు.

మెటల్‌దేముంది,
బోనస్ వచ్చాక ఆ బలిసిన నల్లది చూడాలి.
కయల్విళికి ఈ మాట చెప్పలేదు.
ఆమెకి తెలిసే ఉంటుంది,
మూడు పెట్టెల్లో రెండే
మళ్ళీ నిచ్చెనెక్కించింది కదా,
నల్లదాన్ని కౌంటర్ మీదే ఉంచేసి
దాని మీద టీ గ్లాసు పెట్టుకుంది.
కాదు, ఒకటే ఎక్కించింది.
లెక్కల్లో నేనెప్పుడూ ఇంతే.