నలుగురికి మించి

ఇరవై రెండేండ్ల సంది నా ఆటో నెత్తిమీద మైకున్నది.
సర్కస్ వచ్చిందని చెప్పిన,
చీరె కొంటె చీరె ఉత్తగనే అని చెప్పిన,
ఎర్రగౌను పిల్ల కాశిబుగ్గల తప్పిపోయిందంటే
గొంతు పోయేదాక చెప్పిన. దొరికింది.

ఇయ్యాల ఠాణకు పిలిచి కాయితం చేతుల పెట్టిండ్రు.
"చౌరస్త చౌరస్తకు మూడుసార్లు.
అక్షరం పొల్లుపోవద్దు సారంగం."

ప్రజలకు తెలియజేయునది ఏమనగా
నగరమున అత్యయిక పరిస్థితి విధించబడినది.

కొత్తగ తెలిసెటిదేమున్నది?
దసర ఎల్లినంక ఇది ఆరో పానం.
మొదటోడు రౌడీషీటరు, పీడ పోయిందనుకున్నం.
రెండోడు వాని తమ్ముడు, ఎట్లనన్న అయ్యేదే అనుకున్నం.
మూడోడు, నాలుగోడు... పేర్లు యాదికి లెవ్వు.
ఐదోడు పోచమ్మమైదాన్ల ఛాయ్ తాగుతాంటే పోయిండు,
గిలాస సగం నిండే ఉండెనట.
ఆరోడు దడువాయి చేరాలు.
ఎనుమాముల యార్డుల ముప్పై ఏండ్లు మిర్చి తూచినోడు,
గుండీ అంత తేడా రానియ్యనోడు,
మామూలు ఇయ్యనని ఒక్కమాట అన్నడు.

సాయంత్రము ఆరు గంటల నుండి ఉదయము ఆరు గంటల వరకు
ఎవరును బయట తిరుగరాదు.

మండిబజార్ల షట్టర్లు సగం దిగినయ్, కాళ్లే కనవడుతున్నయ్.
ఒకాయన దండం పెట్టిండు, నాకు కాదు, కాయితానికి.
ఒకామె బిందె దించి అన్నది:
"గీ ముచ్చట మొన్న చెప్తే అయిపోవుగదనయ్యా."
నేనేమంట? మొన్న నన్నెవలు పిలువలే.
మొన్న నేను పరుపుల సేల్ చెప్తున్న.

నలుగురికి మించి గుమికూడరాదు.

గిర్మాజిపేట సందుల చేరాలు పాడె లేచింది.
నలుగురు మోస్తున్నరు.
ముందట అగ్గికుండతోని కొడుకు, పదకొండేండ్లోడు, ఐదోడు.
ఎస్సై లెక్కపెట్టిండు. మళ్ల లెక్కపెట్టిండు.
కాయితం ఇటు తెమ్మన్నడు, ఇచ్చిన.
అటు తిప్పి ఇటు తిప్పి చూసిండు,
అగ్గికుండ గురించి అండ్ల ఏం లేదు.
టోపీ తీసి జీపు ఎనుకకు పోయి నిలబడ్డడు.

డప్పు లేదు. చుట్టాలు మడికొండ కాడ్నే ఆగిపోయిండ్రట.
చేరాలు ఒంటికి ఇంకా మిర్చి ఘాటు పోలే,
మోసేటోళ్లల్ల ఒకడు తుమ్మిండు, పాడె ఊగింది.

దింపుడుకల్లం కాడ దించిండ్రు.
పోరడు ఒంగి చెవుల పిలువాలె, మూడుసార్లు.
పెదిమెలు కదులుతున్నయ్,
గాలి తప్ప మాటస్తలేదు.
గా గాలికే మైకు అడ్డం పెట్టిన.

నాయినా.
నాయినా.
మూడోది నాయిన కాదు, ఒట్టి ఏడుపు.

తలుపులు తెరుచుకున్నయ్. ఎవలూ గడప దాటలే.
ఒక్కో గడప కాడ నలుగురే,
నేను సుత లెక్కపెట్టిన.

నా మైకు నాలుగు వాడల దాక పోతది.
గా నాలుగు వాడలల్లనే ఏడనో
చేరాలును పొడిచినోడు ఉండే ఉంటడు,
ఆరు గాకముందే ఇల్లు చేరి, అన్నం ముందట కూసోని.
వానికీ ఇనవడ్డది.