మూడు లెక్కపెట్టినవాణ్ణి

అల్ఫే తెరియో పక్కన మోకరిల్లి
అరచేత్తో నేలని చరిచి
ఎన్నిసార్లు మూడు లెక్కపెట్టానో
నాకే లెక్క లేదు.
పదకొండు వేసవులు.
రిఫరీ చారల చొక్కా నాది,
ఉప్పు మరకల తువ్వాలు అతనిది,
వ్యాను ప్రమోటరుది,
పెట్రోలు మాత్రం మా ఇద్దరి జేబుల్లోది.

ట్రూరో, బాథర్స్ట్, గ్లేస్ బే,
జూన్ వస్తే ఐస్ హాకీ లేని హాళ్ళు.
మంచు కరిగిన సిమెంటు మీద
మేమే నాలుగు స్తంభాలు నిలబెట్టి
చెక్కలు పరిచి
చెక్కల మీద గుర్రపు కంబళ్ళు,
కంబళ్ళ మీద కాన్వాసు.
చూసేవాళ్ళకి పరుపులా ఉండేది.
పడేవాణ్ణి అడగాలి.

ఊరికో పేరు అతనికి.
ఒకచోట బల్గేరియా ఎద్దు,
క్విబెక్ దాటి ఎన్నడూ పోనివాడు.
ఇంకోచోట ముసుగేసుకుని తలారి నంబర్ టూ.
నంబర్ వన్ ఎవరని పిల్లలు అడిగేవాళ్ళు.
మాకూ తెలీదు.
సొంత ఊరు కారాకెట్‌లో ముసుగు తియ్యనే కూడదు.
మొదటి వరసలో వాళ్ళమ్మ
తన్నండి వెధవని, ఇంకా తన్నండని
గొంతు పోయేలా అరిచేది,
అన్నీ తెలిసే.

గెలవడం ఎవడైనా నేర్పుతాడు.
ఓడిపోవడం అల్ఫే దగ్గరే నేర్చుకోవాలి.
గడ్డం గుండెకి ఆనించు,
ఊపిరి వదిలెయ్,
వీపుకంటే రెప్పపాటు ముందు
రెండు చేతులూ నేలని చరవాలి.
ఆ చప్పుడు చివరి బెంచీదాకా వెళ్ళాలి.
ఎత్తి కుదేసేవాడు కొత్త కుర్రాడైతే
తనే తేలిగ్గా లేచేవాడు గాల్లోకి,
అదంతా తన కండబలమే అనుకుని
ఆ కుర్రాడు రాత్రికి సుఖంగా నిద్రపోయేలా.

కింద పడ్డా నాదే పైచేయి అంటారు.
అల్ఫే ఆ మాట అనగా వినలేదు నేను.
రాత్రికి ముప్ఫై డాలర్లు,
భోజనం ఎవరిది వాళ్ళదే.

ఆమ్‌హర్స్ట్‌లో ఒక రాత్రి
డంకన్ మెకైజాక్, పంతొమ్మిదేళ్ళవాడు,
పై తాడు మీంచి కాలు జారి
తలకిందులుగా దిగాడు.
వెల్లకిలా పడుండాల్సిన అల్ఫే
సగం లేచి భుజం అడ్డుపెట్టాడు.
వాడి మెడ మీద పడాల్సిన బరువు
ఇతని మెడకింద ఎముక మీద పడింది.
అది విరిగిన చప్పుడు నేనొక్కణ్ణే విన్నాను.
అసలు చప్పుళ్ళెప్పుడూ చిన్నవే.
"లెక్కపెట్టరా" అన్నాడు ఫ్రెంచిలో, పళ్ళ బిగువున.
పెట్టాను.
హాలంతా లేచి నిలబడింది
డంకన్ కోసం.

డంకన్ తర్వాత టీవీలోకి పోయాడు.
క్రిస్మస్ కార్డు పంపాడు. ఒకటి.
అల్ఫే ఆ చలికాలమంతా
ఎడమ చెయ్యి కట్టులో పెట్టుకుని
కుడి చేత్తో హెర్రింగు చేపలు కోశాడు.

అతని గెలుపు ఒకటుంది, చెప్పాలి.
బాథర్స్ట్‌లో ఒకావిడ
టోపీ పిన్ను తీసి అతని పిక్కలో దింపింది.
నెల్లాళ్ళు ప్యాంటు పైకి లాగి
కనిపించిన ప్రతివాడికీ చూపించాడు ఆ మచ్చ.
నమ్మిందిరా, అనేవాడు. నిజంగా నమ్మింది.

మొన్న మార్చిలో
అదే ఊళ్ళో మందుల షాపుకి
మోకాళ్ళ మాత్రలకని వెళ్ళాం.
వరసలో ముందున్న ముసలమ్మ
వెనక్కి తిరిగి, కళ్ళజోడు సర్దుకుని,
చాలాసేపు చూసింది.
"నువ్వు ఆ బల్గేరియావాడివి.
మావాడి కళ్ళల్లో ఉప్పు కొట్టావు."
చేతికర్రతో మోకాటి చిప్ప మీద ఒక్కటిచ్చింది.

డెబ్బై నాలుగేళ్ళ మనిషి,
దగ్గు మందుల అరకి కొట్టుకుని
గిర్రున తిరిగి
దభీమని పడ్డాడు,
చేతులు ముందు, వీపు తర్వాత.
రెండు చేతులూ జోడించి
వద్దమ్మా, వద్దని బతిమాలాడు.
ఆవిడ తల ఎత్తుకుని వెళ్ళిపోయింది,
మందులు కూడా తీసుకోకుండా.

నేను పక్కన మోకరిల్లాను, అలవాటుగా.
నా చెయ్యి నేలదాకా వెళ్ళి ఆగిపోయింది.
అల్ఫే ఒక కన్ను తెరిచి
షాపు చివరికి చూశాడు,
క్యాషు దగ్గర నోరు తెరుచుకుని నిలబడ్డ పిల్లవైపు.

"చప్పుడు అక్కడిదాకా వెళ్ళిందా?"