కాటా దగ్గర

చీమకుర్తి కాటా గదిలో ఫ్యాను
రాతి పొడినే తిప్పి తిప్పి మళ్లీ నా మీదే పోస్తోంది.
బయట పదకొండు లారీలు.
ఒక్కోదాని వీపు మీద ఒక్కటే రాయి,
నల్లటి రాయిలో బంగారు నలుసులు.

శనివారం ఒంగోలు ఆఫీసులో కొత్త ఫైర్‌వాల్ పెట్టారు.
సోమవారం నుంచి బరువులు ఇక్కడే ఆగిపోతున్నాయి.
స్క్రిప్టు వెళ్లి తలుపు తడుతుంది,
తలుపు తీస్తారు, ఎవరంటారు, పేరు చెబుతుంది,
ఆ తర్వాత చెప్పాల్సిన మాట మొదలుపెడుతుంది.
అంతే.
ముప్పై సెకన్లు. టైమవుట్.

ఫో అన్నా బాగుండేది.
కాదన్న మాటకి ఒక గోడ ఉంటుంది,
దాని మీద చెయ్యి ఆనించి పక్కకి నడవొచ్చు.
ఇది, రాయి వేస్తే చప్పుడు రాని బావి.

గడువు అరవై చేశాను. తర్వాత నూట ఇరవై.
లారీల వరస కర్నూలు రోడ్డు దాకా పెరిగింది.
కాలేషా కిటికీలో తల పెట్టి అన్నాడు:
"రాని బస్సు కోసం రెండు గంటలు నిలబడితే మాత్రం
వస్తదా మేడం?"

మాలకొండయ్య ఎవరినీ ఏమీ అనలేదు.
డ్రాయరులోంచి పొడుగు పుస్తకం తీసి
కార్బన్ పేపరు సర్ది
బండి నంబరు, బరువు, టైము రాసుకుంటూ పోయాడు.
ఆయన రాతలో ఏడు అంకె కొడవలిలా ఉంటుంది.

పింగ్ కొడితే మాత్రం పలుకుతోంది.
అదే నన్ను రెండు రోజులు మోసం చేసింది.
పలుకుతోంది కదా, దారి బాగానే ఉంది కదా అని
స్క్రిప్టునే తిట్టాను, కేబుల్ మార్చాను,
పాస్‌వర్డు మార్చాను,
ఒకసారి కాటాని కూడా అనుమానించాను.

మూడో రోజు మధ్యాహ్నం
క్రేను ఒక రాయిని ఎత్తి, మళ్లీ దించింది.
"ఈ బండికి పట్టదు, కోసుకు రండి!"
సూపర్‌వైజరు కేక
అద్దంలోంచి నా దాకా వచ్చింది.

పింగ్‌కి కొంచెం కొంచెం బరువు కట్టి పంపడం మొదలుపెట్టాను.
వెయ్యి. పలికింది.
పన్నెండు వందలు. పలికింది.
పదమూడు వందల డెబ్బై రెండు. పలికింది.
డెబ్బై మూడు.
ఫ్యాను చప్పుడు.

ఎవరు, నేనే, బాగున్నారా,
చిన్నమాటలన్నీ దాటుతున్నాయి.
సంగతి ఉన్న పెద్ద మాటే ఇరుక్కుంటోంది.
ఇది పట్టదు, కోసుకు రా అని
కేకేయాల్సినవాడు దారిలోనే ఉన్నాడు, కేకేస్తూనే ఉన్నాడేమో,
ఆ కేకని కూడా ఆపెయ్యమని
గోడకి ఎవరో చెప్పి పెట్టారు.

ఒంగోలుకి ఫోన్ చేశాను.
"ఆడిట్ వాళ్లు మూసెయ్యమన్నారండీ," అంది హైమావతి,
"మెయిల్ పెట్టండి, చూస్తాం."
మెయిల్ పెట్టాను.
ఈలోపు మాటని నా వైపే సన్నగా కోశాను.

నాలుగున్నరకి మొదటి బరువు దాటింది.
కాలేషా బండి, ముప్పై ఏడు టన్నుల నాలుగు వందల ఇరవై.
ప్రింటరు మీద పొడి దులిపి స్లిప్పు చించి ఇస్తే
చూడకుండానే జేబులో కుక్కుకుని
హారన్ కొట్టుకుంటూ పోయాడు.

మాలకొండయ్య పుస్తకం మూశాడు కానీ
డ్రాయరులో పెట్టలేదు.
కార్బన్ కూడా తియ్యలేదు.
ఏందన్నట్టు చూశాను.
"మళ్లా శనివారం వస్తది కదమ్మాయ్" అన్నాడు.