కొట్టం ఎగిరిపోయాక

ఓడ్‌వార్ పోతూ పోతూ
పొగాకు డబ్బా మూత లోపల ఒక్క ముక్క గీకిపోయాడు:
"శిఖరం వచ్చి ఎర్ర కొట్టం నెత్తిన కూర్చునేదాకా."
కాడ్ చేపలుండే చోటికి అదే దారి.
నార్వే ఉత్తరాన ఆ దీవిలో
పడవవాళ్ళు దిక్సూచికన్నా
ఒకదాని వెనక ఒకటి నిలబడే రెండు వస్తువుల్ని నమ్ముతారు.
చర్చి శిఖరం, పడవల కొట్టం.
రెండూ ఒకటై కనబడితే గీత మీద ఉన్నట్టు.
విడిపోయాయా, తప్పినట్టు.

జనవరి గాలికి కొట్టం లేచిపోయింది.
రేకులు ఫియర్డ్ అవతల దొరికాయి, తలుపు దొరకలేదు.
ఆస్లౌగ్ మూడు రోజులు పడవలో తిరిగింది.
శిఖరం ఎటునుంచి చూసినా శిఖరమే.
ఒక్క బిందువులోంచి ఎన్ని గీతలైనా పోతాయి,
ఒంటి సాక్షి ఏ కథకైనా తలూపినట్టు.
గాలాలు ఖాళీ. పడవ మీద బ్యాంకు అప్పు మాత్రం నిండుగా.

ఆమె కూతురు సున్నివా, పద్నాలుగేళ్ళది,
మంచు తవ్వి పునాది రాళ్ళు నాలుగూ చూసొచ్చి
వంటింటి బల్ల మీద గళ్ళ కాగితం పరిచింది.
రేవులో పడవ కట్టే ఇనప కడియం: సున్న, సున్న.
తూర్పుకి రెండు గళ్ళు, ఉత్తరానికి ఏడు, కొట్టం.
తూర్పుకి అయిదు, ఉత్తరానికి పదమూడు, శిఖరం.
గడికి రెండొందల మీటర్లు.

మొదటిసారి పైన పదమూడులోంచి ఏడు తీసి
కింద రెండులోంచి అయిదు తీసింది.
వాలు మైనస్ రెండు వచ్చింది.
కొట్టం దగ్గర బయల్దేరిన గీత
శిఖరాన్ని ముట్టకుండా పాస్టరు గొర్రెల దొడ్లోకి దిగింది.
తల్లి నవ్వలేదు.
"పైన ఎవరు ముందో కిందా వాళ్ళే ముందు.
తాడు పేనుతూ చేతులు మార్చకూడదు."

ఆరుని మూడు పెట్టి భాగిస్తే రెండు.
ఒకడుగు తూర్పుకి, రెండడుగులు ఉత్తరానికి,
ఎక్కడ ఆపి అడిగినా అదే నడక.
ఏడులోంచి రెండు రెళ్ళు నాలుగు పోగా మూడు.

y = 2x + 3

ఇందులో కొట్టం పేరు లేదు.
శిఖరం పేరూ లేదు.
కట్టినవాళ్ళు, దూలాలు మోసినవాళ్ళు,
ఎగరేసుకుపోయిన గాలి, ఎవరూ లేరు.
గీత ఉంది.

సున్నివా ఎక్స్ చోట సున్న పెట్టింది. వై మూడు.
కడియానికి తిన్నగా ఉత్తరాన మూడు గళ్ళు,
నీటికాకులు రెట్టలేసే బోడి రాయి!
ఇన్నేళ్ళూ ఆ రాయి గీత మీదే ఉంది.
దాన్నెవరూ అడగలేదు, అది చెప్పలేదు.

ఆదివారం ఇద్దరూ రాతి పగులులో
పాత తెరచాప కొయ్య ఒకటి దిగ్గొట్టి సున్నం పూశారు.

సోమవారం తెల్లారేసరికి పదయింది.
పడవ వెనక్కి వెనక్కి పోతుంటే
శిఖరం జరిగి జరిగి
తెల్ల కొయ్య నెత్తిన కూర్చుంది.
మైనస్ నాలుగు, మైనస్ అయిదు.
నాకు లెక్కలు చెప్పినాయన వీటిని ఋణ సంఖ్యలనేవాడు.
ఆస్లౌగ్ అప్పు తీరేదుంటే ఆ వైపే తీరాలి.

ఆమె ఇంజను ఆపింది. గాలం వదిలింది.
సీసపు గుండుతో నలభై బారల తాడు
నిట్టనిలువుగా దిగింది.
దాని వాలెంతో చూద్దామని సున్నివా వేళ్ళు మడిచి
కింద సున్న రాగానే ఆగిపోయింది.

మళ్ళీ లెక్క వెయ్యలేదు.
తడి తాడు రెండు వేళ్ళ మధ్య పట్టుకుని కూర్చుంది,
అడుగునుంచి ఏదన్నా లాగేదాకా.