టోకెన్ నలభై ఏడు

తిబిలీసీ మ్యూజియం గుమ్మంలో
నా వీపు మీది సంచి దించుకుని
ఇత్తడి బిళ్ళ ఒకటి చేతిలో పెట్టింది త్సియాలా.
నలభై ఏడు.

లోపల,
పగిలితే అతికించిన ద్రాక్షసారా జాడీ ముందు
ఎంతసేపు నిలబడ్డానో.
మెడ మీద కుమ్మరి బొటనవేలి గుంట,
నా వేలికి కొలత తీసినట్టు.
మధ్యలో అద్దం.

వీధి చివర గానీ భుజాలు అడగలేదు,
ఏదో మరిచావేమో అని.
పరిగెత్తాను. తలుపులు మూసేశారు.
కాపలా గోచా వేళ్ళు లెక్కపెట్టి చూపించాడు:
రేపు సోమవారం, సెలవు.
ఎల్లుండి రా.

సరే.
రెండు రాత్రులు. జేబులో బిళ్ళ, కాసిని నోట్లు,
ఒంటి మీద ఒకే చొక్కా.

సొలొలాకి సందులో నేలమాళిగ మెట్లు దిగితే
ఎవరో జరిగి చోటిచ్చారు.
నూత్సా వాళ్ళ మామయ్య గ్లాసెత్తి
పోయినవాళ్ళకి ఒకటి,
ఇంకా పుట్టనివాళ్ళకి ఒకటి,
మ్యూజియంలో తాళం పడ్డ సంచికి ఒకటి అన్నాడు.
ఎవరూ నవ్వలేదు. లేచి నిలబడి తాగారు.
తర్వాత మూడు గొంతులు మూడు దారులు పట్టి
ఎక్కడో, నేను చూస్తుండగానే, కలుసుకున్నాయి.
ఖింకాలీ రసం మోచేతి దాకా కారింది.
తుడుచుకోవడానికి ఆ చొక్కాయే.

తెల్లవారుజామున
గంధకం కంపు కొట్టే స్నానాల వీధిలో
చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీక
ఊపుకుంటూ నడిచాను.

మంగళవారం త్సియాలా
సంచి బల్ల మీద పెట్టి, చెయ్యి దాని మీదే ఉంచి,
లోపల ఏమున్నాయో చెప్పు, రూలు, అంది.

నిలబడ్డాను.
ఇన్ని ఊళ్ళు మోశాను కదా.

టూత్‌బ్రష్, అన్నాను చివరికి.